నీళ్ళు పారబోయలేని ఇంజనీరు

మొన్న మా ఇంటికి నీళ్ళు శుద్ధి చేసే మిషన్లు అమ్మే మనిషి ఒకాయన వచ్చాడు. మెడకు టై కట్టుకున్నాడు. మా పాలమూరు ఎండలో టై కట్టుకున్న మనిషిని చూస్తే ఆయన ఏం అమ్మినా కొనాలనిపిస్తుంది, జాలితో. మా కోడలిని అడిగి గ్లాసుడు నీళ్ళు తెప్పించుకొని, జేబులోంచి పెన్నులాంటిదొకటి తీసి అందులో ముంచాడు. దాని మీద అంకెలు కాసేపు పరుగెత్తి ఒకచోట ఆగాయి. వెంటనే ఆయన ముఖం ఆపరేషను గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు ముఖంలా అయిపోయింది. ఈ నీళ్ళు తాగుతూ మేమింకా బతికి ఉండటం తనకే కాదు, తన కంపెనీకి కూడా అంతుపట్టని విషయమన్నట్టు మాట్లాడాడు. నేను ఆ గ్లాసు అందుకొని ఒక గుక్క నోట్లో పోసుకొని, కొంచెంసేపు ఉంచుకొని మింగాను. ఇవి నల్లా నీళ్ళు మాత్రమే కావని, సగానికి తక్కువగా బోరు నీళ్ళు కలిశాయని, ఆ బోరు కూడా పక్కింటిదేనని చెప్పాను. రెండు రోజులుగా నల్లా సరిగ్గా రాక పక్కింటి నుంచి పైపు వేసుకున్న సంగతి మా కోడలు ఒప్పుకుంది. ఆయన తన పెన్నునూ నన్నూ మార్చి మార్చి చూసి, నేనేం పని చేసేవాణ్ణని అడిగాడు. ఓడలో ఇంజనీరునని చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బయట గుట్టలు, గుట్టల మీద గుండ్లు, గుండ్ల మధ్య సీతాఫలం చెట్లు.

"ఇక్కడ సముద్రమెక్కడిది సార్?" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అరవై ఏళ్ళుగా రకరకాల వాళ్ళు అడిగారు, ఎక్కువమంది నవ్వుతూ అడిగారు. మొదట్లో సిగ్గుపడి ఏదో సర్దిచెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత, సముద్రం లేనిచోట పుట్టడం నా తప్పు కాదని, అక్కడ పుట్టి కూడా ఓడెక్కడం మాత్రం పూర్తిగా నా తప్పేనని చెప్పడం మొదలుపెట్టాను. మిషను కొనకుండానే ఆయన్ని పంపించాం. ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ పెన్ను గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మా అవ్వ దగ్గర కూడా అలాంటిదొకటి ఉండేది. ఆమెది నోట్లో ఉండేది.

కొత్తకోటకు నాలుగు కోసుల దూరంలో గుండ్లపల్లి మా ఊరు. మాది గొర్లు మేపుకునే కుటుంబం. మా ఇంట్లోకి అడుగు పెడితే ముందు గొర్ల వాసన ఎదురొచ్చేది, తర్వాత తడి గొంగడి వాసన, ఆ తర్వాత జొన్న గటక వాసన, ఆఖరున మనుషులు. ఊళ్ళో నీళ్ళు మూడు రకాలు. చవుడు బావి నీళ్ళు గొర్లకూ గుడ్డలకూ. మోట బావి నీళ్ళు వంటకు, కానీ వాటిలో కందిపప్పు ఉడికేది కాదు. కింద కట్టెలన్నీ అయిపోయినా కుండలో పప్పు మమ్మల్ని చూస్తూ అలాగే ఉండేది. తాగే నీళ్ళకు మాత్రం ఎండిన వాగులో ఇసుక తవ్వి చెలిమె చేసుకొని, ఊరిన కొద్దీ కొబ్బరి చిప్పతో తోడుకొని, కుండ నింపుకొని రావాలి. ఎండాకాలంలో ఒక కుండ నిండటానికి ఒక పూట పట్టేది. ఆ పూటంతా చెలిమె పక్కన కూర్చొని నీరు ఊరడం చూడటమే పని. సహనం నేర్పడానికి గురుకులాలు అక్కర్లేదని నా అభిప్రాయం, పాలమూరు వాగు చాలు.

కుండలు దింపాక అవ్వ ఒక పరీక్ష పెట్టేది. నన్ను కళ్ళు మూసుకోమని, దోసిట్లో గుక్కెడు నీళ్ళు పోసి, "ఏడియిరా?" అని అడిగేది. చవుడు బావా మోట బావా అన్నది చంటిపిల్లలు కూడా చెప్పగలరు, అది ఆమె లెక్కలోకి రాదు. వాగులో ఎగువ చెలిమెదా దిగువదా, మొన్నటి వానకు ముందు ఊరినవా తర్వాతవా, కుండ కొత్తదా పాతదా చెప్పాలి. తప్పు చెప్పినవాడు మర్నాడు నీళ్ళకు పోవాలి. మా చిన్నాయిన పిల్లలు నలుగురు, నేనొకణ్ణి. వాగు రెండు మైళ్ళు. నాలుక ఎందుకు పదునెక్కిందో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

అవ్వకు ఇంకో నియమం ఉండేది. ఇంట్లోకి వచ్చిన నీళ్ళు పని చెయ్యకుండా బయటికి పోకూడదు. జొన్నలు కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి, చేతులు కడిగిన నీళ్ళు కోళ్ళ చిప్పలోకి, ఒళ్ళు కడిగిన నీళ్ళు బీరపాదుకు. ఎవరైనా చెంబులో మిగిలిన నీళ్ళు వాకిట్లో ఊరికే పారబోస్తే ఆమె తిట్టేది కాదు. తడిసిన ఆ నేల వైపు, అక్కడెవరో పడి చచ్చిపోయినట్టు చూసేది. తిట్టినా బాగుండేదని అందరికీ అనిపించేది. ఈ నియమం నా ఒంట్లో ఎంత లోతుకు దిగిందో నాకు చాలాకాలం తెలియలేదు. తెలిసేసరికి నేను సముద్రం మధ్యలో ఉన్నాను.

అంత దూరం పోవడానికి కారణం ఒక నూనె మిల్లు. వానలు వెనకబట్టాక మా మందను పాలమూరు దాపుకు తోలుకుపోయేవాళ్ళం. అక్కడ పల్లీల నూనె మిల్లు వెనక బీళ్ళలో గొర్లు మేసేవి, నేను మిల్లు కిటికీలోంచి ఆవిరి ఇంజను చూస్తూ నిలబడేవాణ్ణి. ఇంజను నడిపే ఖాసిం సాబుకు గడ్డం సగం నెరిసింది, మిగతా సగం బొగ్గు మసి వల్ల తెలిసేది కాదు. మొదట ఆయన నన్ను తరిమాడు, తర్వాత పిలిచి నూనె డబ్బా చేతికిచ్చాడు. మూడో ఏడు నేను మందను చూడటం మానేసి ఇంజనును చూస్తున్నానని మా నాయిన కనిపెట్టాడు, రెండు గొర్లు పోయాక. అప్పటికి ఖాసిం సాబు నాతో ఒక మాట అనేశాడు. "ఇది పిల్ల ఇంజన్ బేటా. దీని తల్లి సముద్రం మీద ఉంటది. మా తమ్ముడు మౌలా దాని కడుపుల్నే పని చేస్తడు." పందొమ్మిదేళ్ళవాడితో అనదగ్గ మాట కాదు అది.

మా నాయినకు సముద్రం గురించి ఒకే అనుమానం వచ్చింది. అక్కడ గడ్డి ఉంటుందా అని అడిగాడు. ఉండదన్నాను. అయితే ఎందుకు పోవడమని అడిగి, జవాబు కోసం చూడకుండా గొర్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. అసలు చిక్కు నాయినతో కాదు, దొర గుమాస్తాతో వచ్చింది. దొర కొట్టంలో గొర్లకు కాపలా మా ఇళ్ళ వాళ్ళే ఉండాలి, వంతులవారీగా, కూలి లేకుండా. ఆ ఏడు వంతు నాది. గుమాస్తా పిలవడానికి వస్తే, నేను రానని, మద్రాసు పోయి ఓడ ఇంజను పని నేర్చుకుంటానని చెప్పాను. ఆయన నవ్వాడు. నిలబడి నవ్వలేక మా అరుగు మీద కూర్చొని నవ్వాడు. మా అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి మళ్ళీ నవ్వాడు.

"పో బిడ్డా, పో. సముద్రం చూసే రా. కొట్టంల నీ జాగా ఎవలకియ్యం. ఆడ్నే ఉంటది," అన్నాడు.

వంతుకు నా బదులు మా నాయిన పోయాడు. గొంగడి భుజానేసుకొని పోయాడంతే. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ రోజే తీర్మానించుకున్నాను, నేను తిరిగి వచ్చినా ఆ కొట్టంలోకి మాత్రం రానని. బయల్దేరేటప్పుడు అవ్వ తాను వడికిన ఉన్ని నూలుతో నేయించిన నల్ల గొంగడి ఇచ్చింది. ఏడవలేదు. "ఆడ నీళ్ళెట్లుంటయో జర నోట్లె ఏసుకొని చూడు," అంది. దేశాంతరం పోయే మనవడికి ఇంతకన్నా మంచి దీవెన నేను వినలేదు.

మద్రాసులో ఒక మరమ్మతు షెడ్డులో మూడేళ్ళు ఆకురాయితో ఇనుము రాశాను. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇనుము అరిగింది, నేను అరిగాను. రెండో ప్రపంచ లడాయి రోజులు కావడంతో ఓడలకు మనుషులు దొరకడం లేదు. అందుకని ఖాసిం సాబు తమ్ముడు మౌలా ఒక మాట చెప్పగానే నన్ను అతను పనిచేసే ఓడలోనే, కోస్తా రేవుల మధ్య సరుకు మోసే ఒక ఆవిరి ఓడలో, నేర్చుకునేవాడిగా ఎక్కించుకున్నారు. మద్రాసు, బందరు, కాకినాడ, విశాఖపట్నం, మళ్ళీ వెనక్కి. ఓడ పేరు చెప్పను. అది తుక్కు కింద పోయి చాలా ఏళ్ళయింది, పోయినవాళ్ళ గురించి చెడు చెప్పడం మర్యాద కాదు.

ఆ ఓడకు చీఫ్ ఇంజనీరు సుబ్బారాయుడు గారు, కోరంగి మనిషి. తాతల నాటినుంచి ఓడల మీదే బతికిన ఇల్లు. స్పానరు ఒక కొన పంపుకు, ఇంకో కొన చెవికి ఆనించి, లోపల ఏ వాల్వు అరిగిందో చెప్పేవారు. పనిలో ఆయనకు వంక పెట్టలేం, పెట్టడానికి నేను ప్రయత్నించాను. ఎక్కిన రోజే నేను "గిట్ల పట్టుకోవాల్నా సార్" అని అడిగితే, ఆయన ఇంజను గది మొత్తానికి వినపడేలా ఆ ముక్క నాలుగుసార్లు పలికి చూసి, నాకు నైజామని పేరు పెట్టారు. నా పేరు ఆయన అడగలేదు. మాట మార్చుకోమని మౌలా హితవు చెప్పాడు. నేను మార్చుకోలేదు. అందులో పౌరుషం ఎంతో నాకు తెలియదు, ఆయన భాష మాట్లాడబోతే నాకే నవ్వొచ్చేది. పైగా ఆ బాయిలరు గదిలో బొగ్గు వేసేవాళ్ళందరిదీ హిందూస్తానీ. మా ఊరి బడిలో నేను నాలుగో జమాత్ దాకా ఉర్దూలో చదివాను. అప్పుడు అర్థమైంది తక్కువే, కానీ సుబ్బారాయుడు గారికి అర్థమైనదానికన్నా ఎక్కువ. ఆయన హుకుం ఇస్తే వాళ్ళు నా వైపు చూసేవాళ్ళు. నేను చెప్పాక కదిలేవాళ్ళు. ఆయనకు అది నచ్చేది కాదు. నాకు చాలా నచ్చేది.

ఏడాదిపాటు సముద్రం మీద పని చేశానని, పనికొస్తానని ఆయన కాగితం మీద సంతకం చేస్తే నేను ఇంజను డ్రైవరు పరీక్షకు కూర్చోవచ్చు. చెయ్యకపోతే కొట్టంలో జాగా ఉండనే ఉంది. పదిన్నర నెలలు ఎలాగో గడిచాయి.

ఆ ఇంజను పద్ధతి చూసి మొదటి రోజే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. బాయిలరులో నీళ్ళు కాగి ఆవిరవుతాయి. ఆవిరి ఇంజనును తిప్పుతుంది. తిప్పాక ఊరికే పోదు. కండెన్సరు అనే పెద్ద పీపాలోకి వెళుతుంది. దాని లోపల వందల సన్నటి ఇత్తడి గొట్టాలు, వాటిలో చల్లటి సముద్రపు నీళ్ళు పారుతుంటాయి. గొట్టాల బయటి వైపు తగిలి ఆవిరి మళ్ళీ నీరవుతుంది, ఆ నీరు మళ్ళీ బాయిలరులోకి. అవే నీళ్ళు, మళ్ళీ మళ్ళీ పని చేస్తూనే ఉంటాయి. మా అవ్వ చూసి ఉంటే ఆ ఓడను దత్తత తీసుకునేది. నాకు నచ్చనిది ఒక్కటే, బ్లో కొట్టడం. నీళ్ళలో ఉప్పు పేరుకోకుండా రోజూ బాయిలరు అడుగున ఉన్న తూము తిప్పి కొంత నీటిని సముద్రంలోకి వదిలెయ్యాలి. తియ్యటి నీళ్ళు, రేవులో పడవ మీద తెచ్చి టాంకుల్లో నింపుకున్న నీళ్ళు, బుస్సున సముద్రంలోకి.

ఉప్పెంత ఉందో చూసే గాజుకడ్డీ బందరు దగ్గర ఓడ ఊగినప్పుడు పగిలింది. కొత్తది వచ్చేదాకా జాగ్రత్త కోసం రోజుకు రెండుసార్లు, మట్టం చూపించే గాజు గొట్టంలో నీళ్ళు బెత్తెడు దిగేదాకా బ్లో కొట్టమని చీఫ్ నాకు అప్పగించారు. నేను తూము తిప్పేవాణ్ణి. బయట ఆ చప్పుడు మొదలయ్యేది. నేను మనసులో కడవలు లెక్కపెట్టేవాణ్ణి. ఒక కడవంటే ఒక పూట చెలిమె దగ్గర. పది కడవలు, ఇరవై కడవలు. నీళ్ళు రెండు వేళ్ళు దిగేసరికి నా చేతులు వాటంతట అవే తూము కట్టేసేవి. రెండు వేళ్ళు కూడా ఎక్కువేనని వాటి అభిప్రాయం. ఇలా ఐదు రోజులు.

ఆరో రోజు మధ్యాహ్నం, విశాఖపట్నం పోయి తిరిగి వస్తూ, కాకినాడ ఇంకా కొన్ని గంటల దూరం ఉందనగా, గాజు గొట్టంలో నీళ్ళు పొంగే పాలలా తెల్లగా ఎగిరెగిరి పడటం మొదలుపెట్టాయి. ఉప్పెక్కిన నీళ్ళు నురగ కట్టి ఆవిరితో పాటు ఇంజనులోకి పోతున్నాయి. లోపలెవరో సుత్తి పట్టుకొని బయటికి రావాలని చూస్తున్నట్టు సిలిండరు దబదబ కొట్టుకుంది. అది పగిలితే ఓడతో పాటు మేమూ తుక్కే. చీఫ్ భోజనం మధ్యలోంచి పెరుగన్నం చేత్తోనే నిచ్చెన దిగి, ఆవిరి తగ్గించి, నీళ్ళ తూములు తెరిచి, ఇంజనును నిదానానికి తెచ్చారు. అంత భయంలో కూడా ఆ చేతి మెతుకు వాల్వు మీద అంటుకోవడం నేను గమనించాను. నా స్వభావం అలాంటిది, ఏం చెయ్యను.

బ్లో ఎంత కొట్టావని అడిగారు. రెండు వేళ్ళన్నాను. ఎందుకని అడిగారు.

"నీళ్ళు పారబొయ్య మనసొప్పలే సార్," అన్నాను.

బొగ్గు వేసేవాళ్ళలో ఒకడు నవ్వాడు, వెంటనే అందరూ అందుకున్నారు. చీఫ్ నవ్వలేదు.

"బయటికెళ్ళి చుట్టూ చూడరా నైజామూ. ఇన్ని నీళ్ళ మీద కూర్చుని చెంబుడు నీళ్ళకి పీనాసితనమేంట్రా? ఇరవై మందిని చంపేసేవాడివి. కాకినాడలో దిగిపో. నీకు తెలిసింది గొర్రెలు కాచుకోవడం, అదే చేసుకో," అన్నారు.

మొదటి మాటలన్నీ న్యాయమే. తప్పు నాదే. ఆఖరి మాట దగ్గరే చిక్కొచ్చింది. గొర్రెలు కాచుకోవడం అంటే ఏదో కూర్చొని చేసే పనన్నట్టు అన్నారు. ఎండాకాలంలో యాభై పిల్లలున్న మందను బతికించి వానలకు అప్పజెప్పమంటే ఆయన ఎంతమందిని చంపేవారో నాకు తెలుసు. పైగా నా నోట్లో ఐదు రోజులుగా ఒక మాట నలుగుతోంది. అది అడగకుండా దిగిపోవడం నా వల్ల కాలేదు.

"తక్కువ కొట్టింది నేనే. కానీ గా ఉప్పు నేను పొయ్యలే సార్. టాంకు నీళ్ళు తియ్యగ ఉన్నయ్, నేను రోజు తాగుతున్న. ఆవిరి చల్లారి వచ్చే నీళ్ళల్ల ఉప్పున్నది. కండెన్సర్ కారుతున్నది," అన్నాను.

ఇంజను గదిలో నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే రెండు నెలల కింద మద్రాసులో ఆ కండెన్సరు విప్పి, గొట్టాలన్నీ మళ్ళీ బిగించింది సుబ్బారాయుడు గారే, తన చేత్తో. ఆవిరి నీళ్ళలో నూనె వాసన తప్ప ఇంకేం తెలియదని ఆయనన్నారు. నూనె ముందొస్తుంది, ఉప్పు దాని వెనకొస్తుంది, మింగాక తెలుస్తుందని నేనన్నాను. ఎవరు చెప్పారని అడిగారు. మా అవ్వ నేర్పిందన్నాను. అప్పుడు ఆయన నన్ను చూసిన చూపులో కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది. మౌలా మెల్లగా, కాకినాడలో ఎలాగూ నాలుగు రోజులు లంగరు మీద ఉండాలి కదా, ఒకసారి తెరిచి చూస్తే పోయేదేముందని అడిగాడు. పోయేదేమిటో అందరికీ తెలుసు. ఆయన పరువు, లేకపోతే నా బతుకు. చీఫ్ చాలాసేపు చెయ్యి కడుక్కున్నారు. తెరుద్దామని, ఏమీ లేకపోతే సరుకు దింపే మొదటి పడవలో బస్తాలతో పాటు నన్నూ దింపుతానని చెప్పారు.

కాకినాడలో ఓడలు ఒడ్డుకు రావు, దూరంగా లంగరు వేసుకుంటాయి. మంటలు ఆర్పి, మర్నాడు పొద్దున కండెన్సరు రెండు చివరలా తలుపులు విప్పాం. గొట్టాల్లోని సముద్రపు నీరు తీసేసి, గొట్టాల చుట్టూ ఉండే జాగాలో టాంకులోని తియ్యటి నీళ్ళు నింపాం. ఏ గొట్టానికి చిల్లి ఉంటే ఆ గొట్టంలోకి నీరు దూరి చివరనుంచి బొట్లు రావాలి. చెప్పడానికి సులువు. ఓడ ఊగుతోంది, పై వరసల్లో మిగిలిన ఉప్పునీళ్ళు కింది వరసల మీదికి కారుతున్నాయి. చీఫ్ దీపం పట్టుకొని చూశారు. ఆరు వందల చిల్లర గొట్టాలు, అన్నీ తడిగానే ఉన్నాయి. తుడిస్తే మళ్ళీ తడి. "చూశావుగా," అన్నారు.

నేను చూడటానికి రాలేదు. పై వరస మొదటి గొట్టం చివర వేలు పెట్టి, నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. సుద్దతో గీత గీశాను. రెండోది. ఉప్పు. గీత. ఉప్పు రాయి నాకే గొర్రెలను చిన్నప్పటినుంచీ చూశాను, ఆ రోజు వాటి వైపు నుంచి చూశాను. తేడా ఒకటే, వాటికి ఉప్పు కావాలి, నాకు ఉప్పు లేనిది కావాలి. వంద గొట్టాలకు నోరు పూసింది. రెండు వందలకు నాలుక ఎవరిదో అయిపోయింది. మౌలా గుక్కెడు మంచినీళ్ళు ఇచ్చేవాడు, పుక్కిలించి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. పైనుంచి వంటవాడు కూడా దిగివచ్చి చూసిపోయాడు. వచ్చిన ప్రతివాడూ ఏదో ఒకటి అన్నాడు. నేను జవాబు చెప్పలేదు, నాలుక ఖాళీ లేదు. చీఫ్ మాత్రం ఒక పెట్టె మీద కూర్చొని చూస్తున్నారు.

కింది నుంచి మూడో వరసలో ఒకచోట ఆగాను. మళ్ళీ వేలు పెట్టాను. వేలు తుడుచుకొని ఇంకోసారి పెట్టాను. నూనె వాసన ఉంది. దాని వెనక ఏమీ లేదు. ఒట్టి తియ్యటి నీళ్ళు. పక్కదానిలో కూడా అంతే. మిగిలిన గొట్టాలు కూడా కింది దాకా చూసి వచ్చాను, అన్నీ ఉప్పే.

"గీ రెండు," అన్నాను.

చీఫ్ లేచి వచ్చి తానూ వేలితో తీసి నోట్లో పెట్టుకున్నారు. ఆయనకేమీ తెలియలేదు. ఆ సంగతి ముఖంలోనే కనబడింది. అప్పుడాయన, చూడవలసిన చోటు తెలిసిన పనివాడిలా, పై వరసకు అడ్డంగా గుడ్డ కుక్కి, ఆ రెండు గొట్టాల మూతులు పొడిగా తుడిచి, దీపం దగ్గర పెట్టుకొని కూర్చున్నారు. మేమందరం కూర్చున్నాం. చెలిమె దగ్గర కూర్చున్నట్టే ఉంది నాకు. మొదటి గొట్టం అంచున ఒక బొట్టు ఊరింది, పెరిగింది, పడింది. ఇంకొకటి ఊరింది. ఆయన చెయ్యి చాపారు. మౌలా చెక్క బిరడాలు అందించాడు. నాలుగు బిరడాలు, రెండు ఈ చివర, రెండు ఆ చివర, ఆయనే కొట్టారు.

"ఆరొందల పైన బిగించాను. రెండు పోయాయి," అన్నారు, ఎవరితోనో.

"మిగిలినయన్ని మంచిగున్నయ్ సార్, నేను చూసిన," అన్నాను.

మౌలా దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. చీఫ్ నన్ను ఒక నిమిషం చూసి, రేపటినుంచి కూడా బ్లో నేనే కొట్టాలని, బెత్తెడుకు ఒక్క వేలు తగ్గినా నన్ను ఆ తూములోంచే బయటికి పంపుతానని చెప్పారు. దిగిపొమ్మన్న మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పటినుంచి బెత్తెడు నిండా కొట్టాను, ఒక్క రోజు కూడా తగ్గించలేదు. కళ్ళు మూసుకొని కొట్టేవాణ్ణి. పరీక్షకు నింపిన నీళ్ళు జిడ్డెక్కి బాయిలరుకు పనికిరాకుండా పోయాయి, వాటిని వదిలెయ్యమన్నారు. నేను బొగ్గు వేసేవాళ్ళందరినీ పిలిచి గుడ్డలు ఉతుక్కోమన్నాను. ఆ సాయంత్రం ఓడ చుట్టూ కట్టిన తాళ్ళ మీద లుంగీలు ఎగురుతుంటే, కాకినాడ రేవులో ఏ ఓడకూ అన్ని జెండాలు లేవు.

ఏడాది నిండిన రోజు చీఫ్ కాగితం, కలం ముందు పెట్టుకొని నన్ను పిలిచారు. కలం ముంచి, పేరేమిటని అడిగారు. ఏడాదిలో అదే మొదటిసారి అడగడం. బీరయ్య అని చెప్పాను. రాశారు. ఊరి దగ్గరికి వచ్చి, కాకినాడ అని రాస్తానని, పరీక్ష పెట్టేవాళ్ళు అనవసరపు ప్రశ్నలు వెయ్యకుండా ఉంటారని అన్నారు. మంచికే అన్నారు. గుండ్లపల్లి అని రాయమన్నాను.

"అక్కడ సముద్రం లేదు కదయ్యా," అన్నారు. ఆ 'అయ్యా' కూడా మొదటిసారే.

"సముద్రం దాక ఎందుకు సార్, నీళ్ళే లెవ్వు. అయినా గదే రాయుండ్రి."

రాశారు. పరీక్ష పెట్టినవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ అదే ప్రశ్న వేశారు. ముగ్గురికీ అదే జవాబు చెప్పాను. పాసయ్యాను.

ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది, మడతల దగ్గర చిరిగింది. మొన్న మిషను అమ్మే ఆయన్ని ఎందుకు పంపించేశామో కూడా చెప్పాలి. గ్లాసుడు మంచినీళ్ళు వస్తే మిగతావి ఎటు పోతాయని అడిగాను. మూడు గ్లాసులు డ్రైనేజీలోకి పోతాయని ఆయన మామూలుగా చెప్పాడు, అదేదో మిషను గొప్పతనమన్నట్టు. ఇప్పుడు మా ఊళ్ళో చెలిమెలు లేవు, వాగులో ఇసుకే లేదు. నీళ్ళు డబ్బాల్లో ఆటో మీద వస్తాయి. పప్పు ఏ నీళ్ళలోనైనా ఉడుకుతుంది, కుక్కరు ఉడికిస్తుంది. నాలుకతో ఎవరికీ పని లేదు, మాట్లాడటానికి తప్ప. నేను పాతకాలమే గొప్పదని అనను. రెండు మైళ్ళు నడిచి నీళ్ళు మోసినవాడెవడూ అనడు. కానీ మూడు గ్లాసులు పారబోసి ఒకటి తాగడాన్ని శుద్ధి అంటే మాత్రం ఒప్పుకోను. అందులో నాకు అనుభవం ఉంది. నన్ను ఇంచుమించు ఓడ దింపించిన అనుభవం.

పరీక్ష పాసై ఊరికి వెళ్ళేసరికి దొర గడీకి తాళం వేసి పట్నం వెళ్ళిపోయాడు. జనం తిరగబడ్డ ఆ గడబిడల్లో చాలామంది దొరలు అలాగే వెళ్ళారు. గుమాస్తా ఒక్కడే గడీ ముందు అరుగు మీద కూర్చొని ఉన్నాడు, సన్నబడ్డాడు. నేనే పలకరించి, కొట్టంలో నా జాగా ఉందా అని అడిగాను. "జాగాకేం బీరయ్యా, కావల్సినంత ఉన్నది. గొర్లే లెవ్వు," అన్నాడు. నేను నవ్వుదామనుకొని పోయాను. ఆయన ముఖం చూశాక నవ్వు రాలేదు, ఆయన పక్కన కాసేపు కూర్చొని వచ్చాను. మా నాయినకు మాత్రం ఆ కొట్టం తాళం చూపించుకొచ్చాను. ఆయన ఆ తాళాన్ని చేత్తో పట్టి ఒకసారి గుంజి చూశాడు, గట్టిగానే ఉందని తృప్తిపడ్డాడు.

అవ్వ కోసం ఒక సీసాడు సముద్రం తెచ్చాను. బిరడా తీసి, కళ్ళు మూసుకోమని, ఆమె దోసిట్లో పోశాను. ఆమె నోట్లో వేసుకొని, ఎప్పటిలాగే కాసేపు ఉంచుకొంది. ముఖం ఏమాత్రం మారలేదు.

"ఏడియి అవ్వా?" అన్నాను.

"ఎన్ని ఉంటయి ఇసొంటియి?" అంది.

కంటికి ఆననన్ని ఉంటాయని, ఒక ఒడ్డు నుంచి చూస్తే ఇంకో ఒడ్డు కనపడదని చెప్పాను. ఇన్నేళ్ళూ నేను వాటి మీదే ఉన్నానని కూడా చెప్పాను, కొంచెం గొప్పగానే. అవ్వ కళ్ళు తెరిచింది.

"మనూరి చవుడు బాయే నయ్యం," అంది.

సీసాలో ఇంకా సగం పైన ఉంది. ఆమె దాన్ని వాకిట్లోకి తీసుకుపోతుంటే పారబోస్తుందనే అనుకున్నాను. తొట్టిలో తవుడు వేసి, దాని మీద సీసా బోర్లించి, చేత్తో కలిపింది. ఉప్పు వాసనకు గొర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. తొట్టి అడుగు దాకా నాకాయి. బంగాళాఖాతమైనా సరే, మా ఇంట్లోకి వచ్చాక పని చెయ్యకుండా బయటికి పోలేదు.